వరుస నడుమ నిలబడిన గురువు: మా ఖైరున్నిసా ఆపా

గత సోమవారం మధ్యాహ్నం, ఉప్పల్‌లో నేను పనిచేసే ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఉత్పలమాల గణవిభజన చెబుతున్నాను. బల్ల మీది ఫోను ఆగకుండా మోగుతుంటే తీశాను. నాతోపాటు ఆపా దగ్గర చదువుకున్న నస్రీన్ గొంతు. "ఫర్జానా, ఆపా పోయింది" అన్నది. పిల్లలు నా ముఖంలోకి చూస్తున్నారు. మనం దేవుని వాళ్ళం, ఆయన దగ్గరికే మరలిపోతాం అని మరణవార్త విన్న క్షణాన మేం పలకవలసిన అరబ్బీ వాక్యం నాలుక మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ వాక్యాన్ని అర్థంతో సహా నాకు నేర్పింది ఆపాయే.

ముందురోజు సాయంత్రమే ఆపా ఫోను చేశారు. పుంటికూర తెచ్చానని, ఒలిచి పెట్టానని, పప్పులో వేసి బాక్సు పంపిస్తానని చెప్పారు. రింగురోడ్డు మీద మెట్రో స్తంభాల పనుల వల్ల దుమ్ము కొట్టుకుపోతున్నదని, నాగోల్ దాకా రైలు ఎక్కే భాగ్యం ఎప్పుడో అని నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉండగానే, ఇంటి గడపలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ ఒరిగిపోయారని, దవాఖానాకు తీసుకుపోయేలోపే గుండె ఆగిపోయిందని నస్రీన్ తర్వాత చెప్పింది. రంజాన్ పండుగ వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు. రాష్ట్రం వచ్చిన సంబరం ఇంకా వీధుల్లో పచ్చిగానే ఉంది. ఈ రెంటినీ కళ్ళారా చూసి వెళ్ళారన్నదే మాకు మిగిలిన ఊరట.

మేమంతా ఆపా, అంటే అక్క, అని పిలుచుకున్న ఆమెను ఎరగని పాఠకులకు ఒక మాట. నాచారం పారిశ్రామికవాడ వెనుక గల్లీలో, రెండు గదుల ఇంట్లో కాపురముండిన ఖైరున్నిసా బేగం గారు మతవిద్యలో ఆలిమా, అంటే ధర్మశాస్త్రం అభ్యసించి పట్టా పొందిన పండితురాలు. మా ప్రాంతపు ముస్లిం స్త్రీలకు పుష్కర కాలానికి పైగా ఆమె గురువు, న్యాయవాది, కష్టం చెప్పుకునే పెద్దదిక్కు. మసీదు గేటు దాటి లోపలికి స్త్రీ అడుగు పడని చోట, స్త్రీల కోసం ఒక అంతస్తు తెరిపించిన ధీశాలి. ఇంతటి పనులు చేసిన మనిషి ఎన్నడూ వేదిక ఎక్కలేదు, పత్రికలో ఫోటో వేయించుకోలేదు.

ఆపా పుట్టింది భువనగిరి దిక్కు ఒక చిన్న పల్లెలో. తండ్రి ఆ ఊరి మసీదులో నమాజు నడిపే ముల్లా సాబ్. కొడుకులకు నేర్పిన అరబ్బీనే కూతురికీ నేర్పారు. కొడుకులు పొలం పనుల్లో పడి మరచిపోయారు, కూతురు మరవలేదు. పెళ్ళయి నాచారం వచ్చింది. భర్త ఇబ్రహీం సాబ్ ఒక కర్మాగారంలో లేత్ యంత్రం మీద టర్నర్. భార్యకు చదువు మీద ఉన్న తృష్ణను పెళ్ళయిన మొదటి యేడే గుర్తించిన సహృదయుడు. పాతబస్తీలోని ఒక బాలికల మదర్సాలో ఆమెను చేర్పించింది ఆయనే. ముప్పై దాటిన ఇల్లాలు, పదిహేనేళ్ళ పిల్లల నడుమ బల్ల మీద కూర్చుని వ్యాకరణం వల్లె వేసింది. నాచారం నుంచి అఫ్జల్‌గంజ్ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. "బస్సుల నిలవడి చదివిందే నాకు ఎక్కువ యాదికున్నది బిడ్డా, కూసున్నకాడ నిద్రొచ్చేది" అనేవారు.

యంత్రాల హోరులో ఇబ్రహీం సాబ్‌కు వినికిడి తగ్గింది. ఆయనకు వినిపించేలా మాట్లాడి మాట్లాడి ఆపా గొంతు పెద్దదైంది. గల్లీ మొదట్లో నిలబడితే చివరింట్లో ఆమె చెప్పే పాఠం వినబడేది. స్త్రీ కంఠం పరపురుషుల చెవిన పడరాదని ఒక పెద్దమనిషి ఆక్షేపించాడు. "మా ఆయనకు వినవడాలె గద. నడుమ మీరు నిలవడి ఇంటె నేనేం జెయ్యాలె" అన్నారు ఆపా. పెద్దమనిషి ఇంకో గల్లీలోంచి నడవడం మొదలుపెట్టాడు.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో. మాది నల్లగొండ నుంచి వలస వచ్చిన కుటుంబం. ఇంట్లో ఉర్దూ మాటలు, బడిలో తెలుగు చదువు. దివ్యగ్రంథాన్ని అరబ్బీలో అక్షరం తప్పకుండా పారాయణం చేయగలను గానీ ఒక్క పదానికీ అర్థం తెలియదు. మా అమ్మ ఆపా ఇంటికి తీసుకుపోయింది. ముందుగదిలో చాప మీద పదిహేను ఇరవైమంది ఆడవాళ్ళు. కుట్టుమిషను పనివాళ్ళు, మందుల ప్యాకింగ్‌లో పనిచేసే వాళ్ళు, నాలాంటి కాలేజీ పిల్లలు. పొట్టిగా, మందపాటి కళ్ళద్దాలతో, చేతిలో పుస్తకం లేకుండా ఆపా చెబుతున్నారు. వాక్యం అరబ్బీలో, అర్థం ఉర్దూలో, వెంటనే తెలుగులో. ఆ తెలుగు మా భువనగిరి, నల్లగొండ తెలుగు.

తెలుగులో చెప్పడం మొదట కొందరికి నచ్చలేదు. పవిత్ర వాక్యాల గౌరవం తగ్గుతుందని ఇంటికి వచ్చి మరీ చెప్పారు. ఆపా వాళ్ళకు చాయ్ పోసి, "మా అమ్మకు ఉర్దూ సక్కగ రాకపోతుండె. నలుగురు మొగపిల్లల తర్వాత ఒక్క ఆడపిల్ల కావాలెనని తెలుగుల్నే దేవునికి దుఆ చేసింది. నేను పుట్టిన. కబూల్ అయినట్టే గద" అన్నారు. వచ్చినవాళ్ళు చాయ్ తాగి వెళ్ళారు. పాఠం తెలుగులోనే కొనసాగింది. నేను తెలుగు పండితురాలిని కావాలన్న కోరికకు బీజం ఆ చాప మీద పడిందని ఈనాడు సగర్వంగా చెప్పుకుంటున్నాను.

ఆమె బోధనలో ఒక పద్ధతి ఉండేది. హక్కు ఏదైనా చెబితే వెంటనే అడిగేవారు, "ఇది మీకు ఎవరన్న చెప్పిన్రా?" అని. లేదంటే, "బాధ్యతలు చెప్పిన్రా?" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం, ఎందుకంటే బాధ్యతలు అందరికీ కంఠస్థం. "బాధ్యతల పాఠం మొగోళ్ళు చెప్పిన్రు, మంచిగనే చెప్పిన్రు. హక్కుల పాఠం మిగిలింది. అది నేను చెప్త" అనేవారు. ఆమె మాటల్లో ద్వేషం ఉండేది కాదు, మిగిలిన పని పూర్తి చేస్తున్న మనిషి ధోరణి ఉండేది.

నస్రీన్ సంగతి ఆ రోజుల్లోనే జరిగింది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. నస్రీన్ మల్లాపూర్‌లో అత్తవారింట ఉంటూ నాచారంలో ఒక దుస్తుల కర్మాగారంలో పనిచేసేది. ఒకరోజు పనిలో ఉండగా భర్త ఫోను చేసి, ఒక్క ఊపిరిలో మూడుసార్లు తలాఖ్ అని పెట్టేశాడు. చంకలో ఏడాది పిల్లతో పుట్టింటికి చేరింది. రెండు కుటుంబాల మగవాళ్ళూ మసీదు కమిటీ ముందు కూర్చుని సంగతి తేల్చుకోవాలని నిశ్చయించారు. నస్రీన్‌ను ఎవరూ పిలవలేదు. ఆమె ఆపా ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నది. ఏడవలేదు. "నన్నేమన్న అడుగుతరా ఆపా?" అని మాత్రం అన్నది.

శుక్రవారం నమాజు అయినాక ఆపా బురఖా వేసుకుని, నస్రీన్ చేయి పట్టుకుని, మసీదు వరండా దాకా నడిచారు. నేనూ వెంట ఉన్నాను. మసీదు కమిటీ సదర్, అంటే అధ్యక్షుడు, హాజీ సాబ్. కర్రల డిపో యజమాని, ముక్కుసూటి మనిషి. ఆయనదీ భువనగిరి దిక్కే. కోపం వస్తే ఇద్దరూ ఉర్దూ వదిలి తెలుగులోకి దిగేవారు.

"గిదేందమ్మా, ఆడోళ్ళు గిట్ల రావొద్దు. మేం మాట్లాడ్తున్నం గద" అన్నారు హాజీ సాబ్.

"లోపటికి వస్తలేను భాయ్‌సాబ్. ఈడ్నే అరుగు మీద కూసుంట. ఒక్కటి అడుగుత. మొగుడు పెండ్లాలకు పడకుంటె ఏం జెయ్యమన్నడు దేవుడు?"

హాజీ సాబ్ ఇమాము వైపు చూశారు. యువకుడైన ఇమామ్ సాబ్ తలవంచుకుని చెప్పారు, భర్త తరఫున ఒక మధ్యవర్తి, భార్య తరఫున ఒక మధ్యవర్తి కూర్చుని మాట్లాడాలని.

"ఆయన తరపు ఎవరు?" అన్నారు ఆపా. భర్త తోడబుట్టిన అన్న చేయి ఎత్తాడు. "ఈమె తరపు?" నస్రీన్ తండ్రి ఏదో అనబోయి ఆగిపోయాడు. "నేను కూసుంట" అన్నారు ఆపా.

ఆ రోజు సభ సాగలేదు. మరుసటి వారం భర్తను పిలిపించాలని తీర్మానించి లేచారు. ఆ వారమంతా ఆపా కాపురం నిలబెట్టే యత్నాలు ఆలోచించారు. ఒక్క ఊపిరిలో అన్న మూడు తలాఖులూ ఒక్కటిగానే లెక్క, కాపురం ఇంకా తెగలేదన్నది ఆమె ఎరిగిన ధర్మం. సభకు ముందు నస్రీన్‌ను కూర్చోబెట్టి, "నీకేం గావాలె బిడ్డా, సాఫ్ చెప్పు" అని అడిగారు. నస్రీన్ చాలా నెమ్మదిగా, "నాకు ఆయన వద్దు ఆపా" అన్నది. ఆపా అనుకోని జవాబు అది. తన యత్నాలన్నీ పక్కన పెట్టి తల ఊపారు. ఈ సంగతిని తానే మాకు పాఠంలో చెబుతూ, "అడగకుంట పోయింటె నేను గూడ వాళ్ళ లెక్కనే అయితుంటి" అనేవారు.

మసీదు వరండాలో, మగవాళ్ళ సమక్షంలో, నస్రీన్ నోరు విప్పి చెప్పిన మాటలు నాకు ఇంకా యథాతథంగా గుర్తున్నాయి. "నాకు మల్ల ఆ ఇంటికి పోవాల్నని లేదు. నా మెహర్ నాకియ్యాలె. పిల్ల నా దగ్గర్నే ఉండాలె. ఇంగొకటి, నేను తప్పు చేస్తె ఇడిసిపెట్టిండని ఎవ్వరు అనొద్దు. ఏం తప్పు చేసిన్నో ఆయన్నే చెప్పమనున్రి." భర్త నేల చూశాడు. పెళ్ళినాడు ఇస్తానని ఒప్పుకున్న స్త్రీధనం మెహర్ అతడు చెల్లించాలని, పిల్ల తల్లి దగ్గరే పెరగాలని, నస్రీన్ మీద ఏ దోషమూ లేదని ఇమాము నోటితో అందరి ముందు చెప్పించారు ఆపా. ఆ చివరి మాటకే నస్రీన్ కన్నీళ్ళు పెట్టుకున్నది. తర్వాత ఆమె టైలరింగ్ యూనిట్ పెట్టుకుని, నలుగురికి పని ఇచ్చే స్థితికి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు మా బడిలోనే చదువుతున్నది.

నా పెళ్ళి ముచ్చట చెప్పకపోతే ఈ వ్యాసం అసమగ్రం. తెలుగు పండిత శిక్షణలో సీటు వచ్చిన సంవత్సరమే నాకు సంబంధం కుదిరింది. వరుడు సలీం, ఎలక్ట్రీషియన్, మంచివాడని పేరు. పెళ్ళయ్యాక చదువు సంగతి అడగాలని నాకు ఉంది. అడిగితే సంబంధం చెడుతుందేమోనని అమ్మకు భయం. అడగకుండానే ముహూర్తం వచ్చేసింది. ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్. నికాహ్‌కు ముందు వధువు సమ్మతి తెలుసుకోవడానికి ఒక వకీలు, అంటే వధువు తరఫు ప్రతినిధి, ఇద్దరు సాక్షులు ఆమె దగ్గరికి రావడం ఆచారం. మూడుసార్లు అడుగుతారు. వధువు తల ఊపినా సరే, ఊరకున్నా సరే, సమ్మతి అనే భావించి వెళ్ళిపోతారు. మా మేనమామ వకీలుగా వచ్చారు. ఆయన వెనుక ఆపా వచ్చి నా పక్కన కూర్చున్నారు.

మామ అడిగారు. నేను తల ఎత్తలేదు. మళ్ళీ అడిగారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, "సిగ్గు పడ్తున్నది, అయిపోయింది, పోన్రి" అన్నారు. మామ లేవబోయారు.

"జర ఆగు తమ్మీ" అన్నారు ఆపా. "సిగ్గుతోని ఊకున్నదా, బుగులుతోని ఊకున్నదా, నాకు ఎరుక గావాలె."

"బయట మంది ఎదురుచూస్తున్నరు ఆపా. అన్నాలు సల్లారుతున్నయి" అన్నారు మామ.

"అన్నం మల్ల ఎచ్చజేస్కోవచ్చు" అని, ఆపా నా ముసుగు కొంచెం పైకి ఎత్తి, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అడిగారు. అంత మెల్లగా ఆమె మాట్లాడగలరని ఆనాడే నాకు తెలిసింది. "సలీం ఇష్టమేనా?" ఇష్టమే అన్నాను. "మరేంది?" చదువు అన్నాను. ఉద్యోగం అన్నాను. ఆ రెండు మాటలే అనగలిగాను.

ఆపా బయటికి వెళ్ళారు. తర్వాత జరిగింది సలీం చెబితే తెలిసింది. పెద్దల మధ్య కూర్చున్న వరుడి ముందుకు వెళ్ళి, "బిడ్డా, నీ మీద ఆమెకు మంచి మనసున్నది. చదువుకుంటనంటున్నది, నౌకరీ చేస్తనంటున్నది. షర్తు పెట్టి ఒప్పుకుంటవా, లేకుంటె ఇప్పుడే చెప్పు, ఎవ్వరికి నష్టం లేదు" అన్నారట. సలీం నాన్నగారు, "ఇదేం రివాజు?" అని లేచారట. "రివాజు కాదు భాయ్, హక్కు. నికాహ్ అంటె ఒప్పందం. ఒప్పందంల షర్తు ఎవలన్న పెట్టుకోవచ్చు" అన్నారట ఆపా. సలీం, "చదువుకోనీ. నేను గూడ చదువుకుంటె మంచిగుండు అని రోజు అనుకుంట" అన్నాడట. ఇమామ్ సాబ్ ఆ షరతును చదివి వినిపించి నికాహ్ జరిపించారు. నేను ఈనాడు తెలుగు పాఠం చెబుతున్నానంటే ఆ సాయంత్రం చల్లారిన అన్నాల పుణ్యమే. మా అత్తమామలు కూడా క్రమంగా మారారు. మొన్నటిదాకా చుట్టాల్లో ఏ పెళ్ళయినా, "అమ్మాయిని ఖైరున్నిసా ఆపా అడిగిందా?" అని ముందుగా వాకబు చేసేది మా మామగారే.

ఆమె పేరు నలుగురికీ తెలిశాక ఒక టీవీ వాళ్ళు వచ్చారు. ఒక మౌల్వీ గారికి ఎదురుగా కూర్చోబెట్టి చర్చ పెడతామన్నారు. ఆపా, "చెప్పనీకె రావాల్నా, అరవనీకె రావాల్నా?" అని అడిగారు. ఆమె వెళ్ళలేదు. మరోసారి నగరం నుంచి కొందరు చదువుకున్న స్త్రీలు వచ్చి, ఈ మతంలో ఉంటూ స్త్రీకి న్యాయం ఎలా సాధ్యమని అడిగారు. ఆపా వాళ్ళకు అన్నం పెట్టి, సాయంత్రం దాకా వాదించి, చివరికి, "మీరు బయటికెల్లి తలుపు కొడుతున్నరు, నేను లోపటికెల్లి గొళ్ళెం తీస్తున్న. తలుపైతె ఒక్కటే" అన్నారు. వాళ్ళలో ఒకామె తర్వాత చాలాకాలం ఆపా పాఠాలకు వస్తూ ఉండేది.

మసీదులో స్త్రీల చోటు కోసం ఆమె చేసిన కృషి సుదీర్ఘమైనది. పారిశ్రామికవాడలో సాయంత్రం షిఫ్టు దిగే ఆడవాళ్ళు రంజాన్ నెలలో ఇల్లు చేరేలోపే ఉపవాసం విడిచే వేళ అయ్యేది. బస్టాపులో నీళ్ళు తాగి, ఖర్జూరం నోట్లో వేసుకుని, చెప్పుల దుకాణం పక్కన దుపట్టా పరచుకుని నమాజు చదివేవారు. అక్కడికి నాలుగడుగుల దూరంలో మసీదు. కొత్తగా కట్టిన పై అంతస్తు పండుగ రోజుల్లో తప్ప తాళం వేసి ఉండేది. ఆపా కమిటీని అడిగారు. ప్రవక్త కాలంలో స్త్రీలు మసీదుకు రావడం, వాళ్ళను ఆపవద్దని ఆయన చెప్పడం అందరికీ తెలిసిందేనని గుర్తుచేశారు. కమిటీ మాట్లాడుకుని కాదన్నది. కాలం మారిందని, ఫిత్నా, అంటే అలజడి, పుడుతుందని కారణం చెప్పారు. ఆపా కోపగించుకోలేదు. "మంచిది. మల్ల అడుగుత" అని వచ్చేశారు. మరుసటి యేడు మళ్ళీ అడిగారు. మళ్ళీ కాదన్నారు. ఆ పై యేడు కూడా.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఉప్పల్ రింగురోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రాజకీయాలంటే దూరంగా ఉండే ఆపా ఆ రోజు మా అందరినీ వెంటేసుకుని బయల్దేరారు. "మన బువ్వ ముచ్చట, మన నౌకర్ల ముచ్చట. రావొద్దా?" అన్నారు. మూడు రాళ్ళు పెట్టి, పెద్ద డేగిశాలో బగారన్నం వండాం. మరోవైపు బతుకమ్మ పేర్చి ఆడవాళ్ళు ఆడుతున్నారు. మసీదు తరఫున హాజీ సాబ్, ఇంకొందరు బియ్యం బస్తాలతో వచ్చి అక్కడే కూర్చున్నారు. సాయంత్రపు నమాజు వేళయింది. రోడ్డంతా జనం. ఎటు చూసినా చాప పరిచే చోటు లేదు. ఆపా అటూ ఇటూ చూస్తుంటే, చిలకానగర్ నుంచి వచ్చిన లక్ష్మమ్మ అనే పెద్దావిడ చప్పట్లు ఆపి, "జరుగున్రే జర. ఆపా నమాజ్ చదువుకోవాలె" అని కేకేసింది. ఆడేవాళ్ళు బతుకమ్మను జాగ్రత్తగా ఎత్తి పక్కకు జరిపారు. పాటలు ఆగాయి. మేం వరుసగా నిలబడి నమాజు చదువుకున్నాం. అయ్యాక లక్ష్మమ్మ, "అయిందా అమ్మా?" అని అడిగి మళ్ళీ పాట ఎత్తుకున్నది.

ఆపా నేరుగా హాజీ సాబ్ దగ్గరికి వెళ్ళారు. ఆయన అంతా చూస్తూనే ఉన్నారు.

"సూసినవా భాయ్‌సాబ్? బతుకమ్మ ఆడెటోళ్ళు జరిగి జాగ ఇచ్చిన్రు. నడిరోడ్డు మీద. మన మసీదుల మనకు జాగ దొరకనీకె ఎన్నేండ్లు వడ్తదో నువ్వే చెప్పు."

హాజీ సాబ్ గడ్డం నిమురుకున్నారు. డేగిశా మూత తీస్తే ఆవిరి లేచింది. అందరికీ విస్తళ్ళు వేస్తున్నారు. అప్పుడు హాజీ సాబ్ అడిగారు, "మెట్లు ఏడికెల్లి పెట్టాలె? ముంగటికెల్లి అయితె మొగోళ్ళకు ఎదురైతరు."

"యెనక గల్లీకెల్లి పెట్టు. ఇనుప మెట్లు చాలు. మీ డిపోల పాత ఇనుప పట్టీలు పడి ఉన్నయి గద" అన్నారు ఆపా.

ఆ తర్వాతి రంజాన్‌కు ఇనుప మెట్లు వచ్చాయి, తాళం తీశారు. మొదటి సాయంత్రం షిఫ్టు దిగిన ఆడవాళ్ళు మెట్లెక్కుతుంటే, కింద నిలబడి ఒక్కొక్కరి చేతిలో ఖర్జూరాలు పెట్టింది హాజీ సాబ్ మనుమరాలు. పంపింది ఆయనే.

అక్కడితో ఆగలేదు ఆపా. రంజాన్ రాత్రుల దీర్ఘమైన నమాజును పై అంతస్తులో స్త్రీలకు తానే నడుపుతానన్నారు. ఇక్కడ ఇమామ్ సాబ్ అభ్యంతరం చెప్పారు. తమ సంప్రదాయంలో పెద్దలు స్త్రీల సారథ్యాన్ని ఇష్టపడలేదని వినయంగా విన్నవించారు. ఆపా అంతే వినయంగా, "ఎరుకే మౌలానా. వద్దన్న పెద్దలు ఉన్నరు, చేసి సూపిన తల్లులు ఉన్నరు. ప్రవక్త గారి ఇంటి తల్లులు. నేను తల్లుల దిక్కు పోత" అన్నారు. ఇమామ్ సాబ్, "నేను ఒప్పుకోను, కానీ ఆపను" అన్నారు. ఆపా పోయేదాకా ఇద్దరూ ఆ మాట మీదే నిలబడ్డారు, ఒకరినొకరు గౌరవించుకుంటూనే.

పురుషుల నమాజులో సారథి అందరికన్నా ముందు ఒంటరిగా నిలబడతాడు. స్త్రీలకు నడిపే స్త్రీ వరుసలోనే, నడుమన, అందరితో భుజం కలిపి నిలబడుతుంది. దీన్ని తక్కువగా భావించి ఒక అమ్మాయి అడిగింది, ముందు ఎందుకు నిలబడరని. ఆపా ఇచ్చిన జవాబు మాకు శిరోధార్యం. "ముంగట నిలవడ్తె యెనక ఎవలు పడిపోయిన్రో కనవడది. నడుమ నిలవడ్తె పక్కామె వణుకుడు గూడ నా భుజానికి ఎరుకైతది."

ఆమె దోషరహిత అని చెప్పను. ఆలస్యంగా వచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టేవారు. ఇబ్రహీం సాబ్ చనిపోయిన యేడు చాలా చిరాకుగా ఉండేవారు, పాఠం మధ్యలో ఆగి గల్లీ వైపు చూసేవారు. ఎవరైనా కోడలు అత్త మీద చాడీ చెబితే, "హక్కులు అత్తకు గూడ ఉంటయి" అని ముఖం మీదే అనేవారు. ఆమె ముందు కూర్చోవాలంటే గుండె దిటవు ఉండాలి. కానీ ఆమె దగ్గరి నుంచి లేచి వెళ్ళేటప్పుడు ప్రతి స్త్రీ కొంచెం నిటారుగా నడిచేది. ఇది నేను కళ్ళారా చూసిన సత్యం.

సోమవారం సాయంత్రం నస్రీన్, నేను, మరికొందరు శిష్యురాళ్ళం కలిసి ఆమెకు అంతిమస్నానం చేయించాం. అంత్యక్రియలకు ముందు చదివే జనాజా నమాజుకు మసీదు కిటకిటలాడింది. కింద మగవాళ్ళు, పైన మేము. బయట గల్లీలో లక్ష్మమ్మ, ఇంకా ఎందరో. ఇమామ్ సాబ్ నమాజు మొదలుపెట్టబోయి ఆగారు. పైకి తల ఎత్తి, "పైన వరుసలు కుదిరాయా?" అని గట్టిగా అడిగారు. జవాబు చెప్పవలసింది మేమే. నస్రీన్ కింది హాలు వైపు తెరుచుకునే కిటికీ దగ్గరికి నడిచి, అందరికీ వినబడేలా, "కుదిరినయి" అన్నది. ఇమామ్ సాబ్ చేతులెత్తారు. కింద వందల మంది, పైన వందల మంది, ఒకే వాక్యం వెంట నిలబడ్డాం. దుఃఖంలో కూడా నాకు ఛాతీ ఉప్పొంగింది.

నిన్న హాజీ సాబ్ కబురు పంపారు. చిలకానగర్‌లో ఆదివారం ఒక నికాహ్ ఉన్నదట. "అమ్మాయి తాన ఎవరు పోతరు? అడగకుంట చేయొద్దు" అన్నారట, కర్ర పట్టుకుని నడిచే ఆ పెద్దమనిషి. నస్రీన్ పోతానన్నది. ఆపా చెప్పే శుక్రవారం పాఠం ఇక నేను చెప్పాలని అందరూ నిర్ణయించారు. మందుల ప్యాకింగ్‌లో పనిచేసే రేష్మా, ఆపా దగ్గర గ్రంథమంతా కంఠస్థం చేసిన అమ్మాయి, వచ్చే రంజాన్‌కు నమాజు నడుపుతానని మెల్లగా ఒప్పుకున్నది. ఆమెకు భయంగా ఉందట. మా ముగ్గురికీ భయంగానే ఉంది.

మహనీయులు పోయినప్పుడు వారి స్థానం పూడ్చలేనిదని రాయడం పరిపాటి. నేను లెక్క చూసి చెబుతున్నాను. ఆపా, మీరు ఒక్కరే చేసిన పనిని మేం ముగ్గురం పంచుకున్నాం. పంచుకున్నాక కూడా సగం మిగిలే ఉంది. మీకు సలాం.